మిలియనీర్ల పన్ను, మా అమ్మాయి సీమంతం

దగ్గరికి జరగండి. సోఫా అంచున పరాయింట్లో కూర్చున్నట్టు అలా వద్దు, ఇలా ఈ బొంత మీదికి రండి. ఫోను బోర్లా పెట్టండి. గిన్నెలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలున్నాయి, వలుచుకుతింటూ వినండి. నేను చదివింది ఐదో తరగతి. రాయడం చేతనవునుగానీ సొగసుగా రాయడం రాదు. నోటితో ఎలా చెబుతానో కాగితం మీదా అలాగే చెబుతాను. చూసినదీ విన్నదీ మాత్రం మరిచిపోను. ఎవరు ఏ చీర కట్టుకున్నారో, ఏ మాటకు ఎవరి మొహం మారిందో అంతా నా దగ్గర భద్రంగా ఉంటుంది.

ఇది బాగా డబ్బున్నవాళ్ళ మీద వేసే పన్ను గురించి మా ఇంట్లో జరిగిన తగువు. భయపడకండి, లెక్కలు చెప్పను. నాకు రావు కూడా.

మా మాసాచుసెట్స్‌లో ఆ ఏడు ఎలక్షన్లలో మనుషులకు వేసే ఓట్లతోపాటు కొన్ని ప్రశ్నలకు అవుననో కాదనో చెప్పమన్నారు. మొదటి ప్రశ్న ఇది. ఏడాదికి మిలియన్ డాలర్లు దాటి సంపాదించేవాళ్ళు, ఆ దాటిన భాగం మీద నూటికి ఇంకో నాలుగు పన్ను కట్టాలా, వద్దా? వచ్చిన డబ్బు చదువులకూ, రోడ్లకూ, బస్సులకూ వాడతామన్నారు. ఇంటింటికీ ఎర్రట్ట పుస్తకం ఒకటి పోస్టులో వచ్చింది. అందులో అవునన్నవాళ్ళ వాదనా ఉంది, కాదన్నవాళ్ళ వాదనా ఉంది. నేను ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని రెండూ చదివాను. నా ఇంగ్లీషు బడి వంటింట్లో నేర్చుకున్నది. పాల డబ్బాల మీద, కూరగాయల పెట్టెల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది.

నేను వూస్టర్‌లో ఒక బడి కెఫెటేరియాలో పిల్లలకు వడ్డిస్తాను. జుట్టుకు వల, చేతులకు గ్లవ్స్, నడుముకు ఆప్రాన్. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే రోజుల్లో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మా అమ్మాయి కూడా ఆ బడిలోనే చదివింది. ఆ తర్వాత ఫార్మసీ చదివి, కాలేజీలో పరిచయమైన తెలుగు అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. మా ఆయన పోయాక నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. అల్లుడింట్లో ఉండే అత్తగారికి నోరెంత చిన్నదైతే అంత మంచిదని మావాళ్ళంటారు. ఆ మాట నేను నమ్మనుగానీ చాలా ఏళ్ళు పాటించాను.

మా వియ్యంకుడు కీళ్ళ డాక్టరు. ఈ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది. ఒక చిన్న గదిలో ప్రాక్టీసు మొదలుపెట్టి క్లినిక్కులు నాలుగైదు ఊళ్ళకు పెంచారు. ఆయన మంచితనం గురించి ముందే చెప్పాలి, లేకపోతే కథ వంకరపోతుంది. మా ఆయన పోయినరోజు మంచు కురుస్తోంది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరి బూట్లూ మా అపార్టుమెంటు గుమ్మం ముందు గుట్టగా పడ్డాయి. అంత పెద్ద డాక్టరు, కోటు వేసుకుని వంగి, ఆ బూట్లన్నీ జతలు చూసి గోడవారగా సర్దారు. ఎవరూ చెప్పలేదు. నేను కిటికీలోంచి చూశాను. గుడికి వంటశాల కట్టించిందీ ఆయనే. కాకపోతే ఒకటి, ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పిన మనిషి లేడు. కొడుకు చెప్పడు, భార్య చెప్పదు. మా అమ్మాయైతే ఆయన ముందు గొంతు తగ్గించి, వచ్చీ రాని తెలుగులో “సరే మామయ్యా” తప్ప ఇంకో మాట ఎరగదు.

ఆ భయానికి ఒక కారణం ఉంది. మా అమ్మాయి ఆ బడిలో చదివినన్నాళ్ళూ ఫ్రీ లంచ్ తిన్నది. మా ఆయన జీతం అంతంతమాత్రం, నాది అంతకన్నా తక్కువ. దానిలో సిగ్గుపడాల్సిందేమీ లేదని నాకు తెలుసు. చిన్నపిల్లకు ఎలా తెలుస్తుంది? ఫ్రీ లంచ్ పిల్లలు ఎవరో పైకి తెలియకూడదంటారు. అయినా తెలిసిపోతుంది. మిగతావాళ్ళు ట్రేతోపాటు బిస్కట్లూ చిప్సూ కొనుక్కుంటారు, వీళ్ళు కొనుక్కోరు. ఆ లైనులో నా కూతురు నా ముందుకే వచ్చి ట్రే పట్టుకునేది. ఏనాడూ దానికి ఒక గరిటె ఎక్కువ వేయలేదు నేను. అదీ ఏనాడూ నా కళ్ళలోకి చూడలేదు. పెళ్ళి కుదిరినప్పుడు నా చెయ్యి తన తల మీద పెట్టుకుని, “అమ్మా, అది మాత్రం వాళ్ళకి చెప్పొద్దు, ప్రామిస్” అంది. ఒట్టు వేశాను.

ఇక ఆ ఏడు అక్టోబరు నెల. అమ్మాయికి ఏడో నెల వచ్చింది. సీమంతం మా వియ్యంకుడి ఇంట్లోనే చేద్దామన్నారు. ష్రూస్‌బరీలో పెద్ద ఇల్లు, కింద బేస్‌మెంటే ఒక కల్యాణమండపమంత ఉంటుంది. ముహూర్తానికి వారం ముందు ఆయన మా ఇంటికి వచ్చారు. నేను కాఫీ ఇచ్చాను.

“చెల్లెమ్మా, మీతో ఒక చిన్న పనుంది. మీ పులిహోర తినని తెలుగిల్లు ఈ చుట్టుపక్కల లేదు. మీ మాటంటే అందరికీ గురి. సీమంతం రోజు ఒక వీడియో తీద్దాం. రెండే ముక్కలు. ‘నేను కష్టపడి పనిచేసుకునేదాన్ని, ఈ ట్యాక్స్ వల్ల నాలాంటివాళ్ళకీ నష్టమే, క్వశ్చన్ వన్‌కి నో వెయ్యండి’ అనండి చాలు. గ్రూపులన్నిట్లో పెట్టిస్తాను.”

“నాకేం నష్టం అన్నయ్యగారూ? మిలియన్ డాలర్లు నేను కల్లో కూడా చూడలేదు.”

“ఇవాళ నా దాకా వచ్చారు. రేపు మీ అల్లుడి దాకా వస్తారు. ఎల్లుండి మీ దాకా. పన్నులంటే చీమలబారు చెల్లెమ్మా, ఒకటి దారి కనుక్కుంటే చాలు.”

“నా దాకా వస్తే ఆ చీమలే ఆకలికి చస్తాయి లెండి.”

ఆయన కాఫీ ఒలికేట్టు నవ్వారు. “ఇదిగో, ఈ నోరే కెమెరా ముందు కావాలి నాకు!”

తర్వాత నవ్వు ఆపి మనసులో మాట చెప్పారు. క్లినిక్కులు అమ్మేద్దామనుకుంటున్నారట. “ఇన్నేళ్ళు నిద్ర లేకుండా కట్టుకున్నది ఒక్కసారి అమ్ముకుంటాను. ఆ ఒక్క ఏడాది నేను మిలియనీర్‌ని. ముందు ఏడాదీ కాదు, తర్వాత ఏడాదీ కాదు. నా రిటైర్మెంటు అది. దాన్ని పట్టుకుని రిచ్ పీపుల్ అంటారు. ఇది న్యాయమా, మీరే చెప్పండి.”

ఆ మాటలో పస ఉంది. లేదని నేనెప్పుడూ అనలేదు. “ఆలోచించుకుని చెబుతాను అన్నయ్యగారూ” అన్నాను. ఆయనకది సరేనన్నట్టే వినిపించింది. ఆడపిల్ల తల్లి ఆలోచించుకుంటానంటే ఒప్పుకున్నట్టేనని మనవాళ్ళ లెక్క కదా.

ఆయన వెళ్ళాక అమ్మాయి అంది: “అమ్మా, వన్ మినిట్ వీడియో. చెప్పెయ్. నాకోసం.”

“నేను ఓటు వేసేది ఒకటీ, నోటితో చెప్పేది ఇంకొకటీ ఎలా అవుతుందమ్మా?”

“నువ్వు యెస్ వేస్తావా?” అని కళ్ళు పెద్దవి చేసింది. “నో వన్ విల్ నో. ఎవరికీ తెలీదు. బట్ నువ్వు మామయ్యకి నో చెప్తే, హి విల్ ఆస్క్ వై. అప్పుడేం చెప్తావు?”

దాని భయం అదన్నమాట. ఎందుకని ఆయన అడుగుతారు. నేను నా బడి సంగతి ఎత్తుతాను. ఆ దారిలో దాని సంగతి బయటికొస్తుంది. కడుపుతో ఉన్న పిల్ల, ఆ ఇంటి కోడలు, నలుగురిలో చిన్నబోతుంది. నేను దాని తల నిమిరి, “నీ మాట నా నోట రాదు. ఆ వీడియో మాటా రాదు. రెండూ నేను చూసుకుంటాను” అన్నాను.

నేనెందుకు అంత పట్టుబట్టానో మీకు చెప్పాలిగా. కరోనాకు ముందు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇంట్లోవాళ్ళు పిల్ల లంచ్ ఖాతాలో వేసిన డబ్బు అయిపోతే వేడి భోజనం ఇవ్వకూడదు, చల్లటి చీజ్ శాండ్‌విచ్ ఇవ్వాలి. ఖాతా ఖాళీ అయిన సంగతి పిల్ల లైను చివరిదాకా వచ్చి తన లంచ్ నంబరు నొక్కాకగానీ తెలియదు. అప్పటికి పళ్ళెం చేతిలో ఉంటుంది, ఆవిర్లు వస్తూ ఉంటుంది. అది నేను వెనక్కి తీసుకోవాలి. ఒకసారి ఒకరి చేతిలోకి వెళ్ళింది ఇంకొకరికి పెట్టకూడదు కనుక చెత్తలో పారెయ్యాలి. ఒకరోజు ముందు పళ్ళు ఊడిన చిన్నపిల్ల, రెండు జడలు, పళ్ళెం నా చేతికిచ్చి నాకు సారీ చెప్పింది. నాకు! కూర్చున్న మనిషి ముందునుంచి విస్తరి లాగెయ్యడం కన్నా పాపం లేదని మా అమ్మ చెప్పగా పెరిగినదాన్ని నేను. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు. కరోనాలో అందరికీ ఉచితంగా పెట్టారు, ఆ పద్ధతి ఆగిపోయింది. ఉచితం ఇంకెన్నాళ్ళుంటుందని మా మేనేజరమ్మను అడిగితే, “డబ్బున్నన్నాళ్ళు” అంది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. ఎర్రట్ట పుస్తకం వచ్చాక, ఇదిగో ఇక్కడినుంచి కొంత రావచ్చునని నాకనిపించింది. అంతే.

సీమంతం రోజు పొద్దున్నే వెళ్ళాను. చలిమిడి కలిపాను, బూరెలు వండాను, పులిహోర తాలింపు పెట్టాను. ఇండియన్ స్టోరులో గడ్డకట్టించి అమ్మే అరిటాకులు తెచ్చారు. వేడినీళ్ళలో వేస్తే కొన్ని చిరిగాయి. వాటిని వెనక కుర్చీలకు సర్దబోతే వియ్యంకుడు ఒప్పుకోలేదు. “ఈ ఇంట్లో పంక్తి భేదం లేదు. చిరిగింది నాకు వెయ్యండి” అన్నారు. అదీ ఆయన పద్ధతి. డాక్టర్లూ, కొత్తగా వచ్చిన స్టూడెంట్లూ, గుడి పూజారీ అందరూ ఒకే వరసలో కూర్చోవాలి, అందరికీ అదే వడ్డన, నెయ్యి మాత్రం స్వయంగా ఆయనే వెయ్యాలి.

బంతిపూల తెర ముందు కెమెరా స్టాండు నిలబెట్టి ఉంది. వియ్యపురాలు వచ్చి నా మొహం వంక చూసి, “వదినగారూ, పసుపు కాస్త ఎక్కువైంది. వీడియోలో మరీ అమ్మవారిలా పడతారు, తుడుచుకోండి” అంది.

ఇంక ఆలస్యం చేస్తే బాగుండదని, ఆయన వంటింట్లోకి నేతిగిన్నె కోసం వచ్చినప్పుడు చెప్పేశాను. “అన్నయ్యగారూ, ఆ మాట నా నోట రాదు. మన్నించండి.”

“ఎందుకు రాదు? మొహమాటమా? మీరు మాట్లాడేదాంట్లో సగం మాట్లాడినా చాలే!”

“మొహమాటం కాదండీ. నేను అవుననే వేస్తున్నాను.”

గిన్నె ఆయన చేతిలోనే ఉండిపోయింది. మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది. “సరే. ముందు భోజనాలు కానివ్వండి” అని వెళ్ళిపోయారు.

అమ్మాయికి ఆకుపచ్చ చీర, మోచేతులదాకా గాజులు. హారతి అయింది. ఒళ్ళో చలిమిడి పెట్టాను. అందరూ బారుగా కూర్చున్నారు. నేను పులిహోర గంప పట్టుకుని ఈ చివర, ఆయన నెయ్యి పట్టుకుని ఆ చివర. మధ్యకు వచ్చేసరికి ఆయన ఉండబట్టలేకపోయారు. నవ్వుతూనే, నలుగురికీ వినబడేట్టు అన్నారు:

“విన్నారా అండీ, మా వియ్యపురాలు కమ్యూనిస్టయిపోయారు! నా డబ్బు గవర్నమెంటుకి ఇప్పించాలని కంకణం కట్టుకున్నారు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. “కమ్యూనిస్టు చేతి పులిహోర ఎలా ఉందో చెప్పండి ముందు” అన్నాను.

“పులిహోర దివ్యంగా ఉంది. మీ న్యాయమే చేదుగా ఉంది. ఇదిగో చూడండి, ఈ పంక్తిలో ఒకరికి ఒక బూరె, ఇంకొకరికి రెండు వేస్తే ఏమంటారు? పాపం అంటారు. మరి పన్నులో ఒకడికో రేటు, ఇంకొకడికో రేటు అంటే అది పంక్తి భేదం కాదా?”

గదంతా నా వంక చూసింది. నేను గంప కింద పెట్టాను.

“పంక్తి భేదం వడ్డించేచోట అన్నయ్యగారూ. తెచ్చేచోట కాదు. ఇవాళ ఈ స్టూడెంటు పిల్లలు పెరుగు డబ్బా తెచ్చారు. మీరు ఇల్లంతా ఇచ్చారు. తెచ్చింది సమానంగా లేదని ఎవరినైనా బయట నిలబెట్టారా?”

ఒకరిద్దరు తలూపారు. ఆయన మాత్రం ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. “బాగానే చెప్పారు. కానీ నేను ఇల్లు నా ఇష్టంతో ఇచ్చాను. ఎవరో వచ్చి, నీది పెద్దిల్లు కనుక ఇవ్వాల్సిందేనని లాక్కుంటే? పెద్ద గిన్నె తెచ్చేవాడు విసుగొచ్చి, రేపటినుంచి పక్కూరి విందుకి పోతానంటే? పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ గంట దూరం చెల్లెమ్మా, అక్కడ జీతం మీద రాష్ట్రం వేసే పన్నే లేదు. అప్పుడు మీ పంక్తికి ఎవరు తెస్తారు?”

“పోయేవాళ్ళు పోతారేమో. నాకు తెలియదు. నాకు తెలిసింది నా బడి లైను. ఆ పళ్ళెం మళ్ళీ వెనక్కి తీసుకోలేను నేను” అని, ఆ రెండు జడల పిల్ల సంగతి చెప్పాను. అంతవరకే చెప్పాను. ఒట్టు ఒట్టే.

“అది ఆ పిల్ల తల్లిదండ్రుల నిర్లక్ష్యం” అన్నారాయన. గొంతులో కోపం లేదు, నమ్మకం ఉంది. “మనమూ కష్టాలు పడ్డవాళ్ళమే. ఎంత కష్టంలోనైనా పిల్లలకి డబ్బా కట్టి పంపాం. మన పిల్లలెవరూ ఆ లైన్‌లో నిలబడలేదు.”

నేను తల దించుకుని గంప ఎత్తుకున్నాను. ఇంకో విస్తరి దగ్గరికి నడవాలి, అంతే, ఈ మాట దాటిపోతుంది అనుకున్నాను.

“ఐ డిడ్, మామయ్యా.”

గాజులు గలగలమన్నాయి. అమ్మాయి కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. “నేను నిలబడ్డాను. ఫ్రీ లంచ్. ఎయిత్ గ్రేడ్ దాకా. అమ్మ సర్వ్ చేసింది, నేను తిన్నాను. అమ్మా నాన్నా నిర్లక్ష్యం కాదు. నాన్న టూ షిఫ్ట్స్ చేసేవారు. మీకు చెప్పొద్దని అమ్మకి నేనే చెప్పాను. సో అమ్మని ఏం అనొద్దు.”

కడుపులో బిడ్డతో నిలబడ్డ దాన్ని పట్టుకోవాలా, ఆ గంప కింద పెట్టాలా తెలియలేదు. అల్లుడు లేచి దాని పక్కకు వెళ్ళాడు. అతనికీ ఆ సంగతి అప్పుడే తెలిసింది. “వై డిడింట్ యు టెల్ మీ?” అని మెల్లిగా అంటూ దాని భుజం పట్టుకున్నాడు. వియ్యపురాలు విసవిసా వచ్చింది. ఏమంటుందోనని భయపడ్డాను. ఆవిడ దాని జడలో జారిపోతున్న పూలదండ సర్ది, “తిన్నదాన్ని కూడా దాచుకుంటారుటే పిచ్చిమొహమా? కూర్చో ముందు, నిలబడకూడదు నువ్వు” అంది.

మా వియ్యంకుడు నేతిగిన్నె బల్ల మీద పెట్టారు. కోడలి ముందుకు వచ్చి నిలబడ్డారు.

“నేనన్న మాట తప్పు. తల్లిదండ్రుల గురించి అన్నాను చూడూ, అది వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు తిన్నదానికి ఈ ఇంట్లో ఎవరూ తల దించరు. నువ్వూ దించకు.” తర్వాత నావైపు తిరిగారు. “కానీ నా ఓటు మారదు చెల్లెమ్మా. పిల్లలకి అన్నం పెట్టండంటే ఎంతైనా రాసిస్తాను. గవర్నమెంటు సంచిలో వెయ్యమంటే వెయ్యను. అది ఎటు పోతుందో నేను చూడలేను.”

“మీ ఓటు మార్చుకోమని నేనడగలేదు అన్నయ్యగారూ. నా నోరు అరువు అడగొద్దన్నాను. అంతే.”

“అడగనులెండి” అని మళ్ళీ గిన్నె అందుకున్నారు. కెమెరా స్టాండును ఎవరో మడిచి మూల పెట్టారు.

ఆ తర్వాత ఎలక్షన్లదాకా ఆయన మా ఇంటికి రాలేదు. ఆదివారం ఫోనులు కొడుకుతోనే మాట్లాడి పెట్టేసేవారు. వీడియో తనే చేసి గ్రూపుల్లో పెట్టారు. నేను మొదటినుంచి చివరిదాకా చూశాను. బాగా మాట్లాడారు. తన చిన్న గది ప్రాక్టీసు గురించి చెప్పిన చోట నాకు కళ్ళు చెమర్చాయి. అయినా నా మనసు కదల్లేదు. అమ్మాయి ఒకరోజు అంది: “మామయ్య రావట్లేదు. మనం చేసింది తప్పా?”

“రాకపోతే మనమే వెళ్దాం. వెళ్ళి, ఉన్న మాట ఉన్నట్టే ఉంచుదాం” అన్నాను. గుమ్మడికాయ పులుసు డబ్బాలో పోసుకుని వెళ్ళాం. ఆయన పులుసు తిన్నారు, పన్ను మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వచ్చేటప్పుడు కారుదాకా వచ్చి, కోడలికి సీటుబెల్టు కడుపు కింది భాగంలోంచి ఎలా పెట్టుకోవాలో చూపించారు. ఆ రోజుకి అది చాలనుకున్నాను.

ఓటు రోజున ముగ్గురం వెళ్ళాం. అమ్మాయికి నిలబడడం కష్టమని ఎవరో కుర్చీ తెచ్చారు. అల్లుడు ఏది వేశాడో మేమడగలేదు. ఇంతవరకూ అతనూ చెప్పలేదు. నేను అవునన్న గడిని నల్లగా, అంచులదాకా నింపాను. కాగితం చిరుగుతుందేమోనని భయం వేసింది.

కొద్ది తేడాతో అవునన్నదే గెలిచింది. నేను పండగ చేసుకోలేదు. తర్వాత మా రాష్ట్రంలో బడి పిల్లలందరికీ భోజనం ఉచితంగానే ఉంచేశారు, దాన్లో కొంత డబ్బు ఈ పన్నునుంచే వస్తుందన్నారు. మావైపు ఇప్పుడు పళ్ళెం ఎవరి దగ్గరా వెనక్కి తీసుకోవడం లేదు. అది నేను రోజూ కళ్ళారా చూస్తున్నాను.

ఇంకొకటీ చూశాను. మా వియ్యంకుడు అన్నంత పనీ చేశారు. పాప పుట్టిన కొన్నాళ్ళకే న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. అడిగితే “మనవరాలికి కొండలు చూపించాలి” అంటారు.

“చూశారా చెల్లెమ్మా, పోతారని చెప్పానా?”

“చెప్పిందీ మీరే, పోయిందీ మీరే. సాక్షి సంతకం కూడా మీరే పెట్టుకోండి.”

నవ్వుకున్నాంగానీ, దాని బరువు మోసేది మా అమ్మాయే. వీధి చివర ఉన్నట్టుండే నాన్నమ్మ, తాతయ్య గంట దూరమయ్యారు. పాపకు జ్వరం వస్తే పరిగెత్తుకొచ్చే చేతులు రెండు జతలు తగ్గాయి. నేను బడికి వెళ్ళాలి, అది ఫార్మసీకి వెళ్ళాలి. “రిగ్రెట్ ఉందా అమ్మా?” అని ఒకసారి అడిగింది, పాపను జో కొడుతూ. బాగా ఆలోచించే చెప్పాను. “కష్టంగా ఉంది. రేపు మళ్ళీ అడిగినా అవుననే వేస్తాను.”

పాప అన్నప్రాసన ఆ కొత్త ఇంట్లోనే జరిగింది. కిటికీల్లోంచి నిజంగానే కొండలు కనిపిస్తాయి. వచ్చినవాళ్ళందరికీ ఆయన కోడల్ని చూపిస్తూ ఛాతీ విరుచుకుని చెప్పడం మొదలుపెట్టారు: “మా కోడలు పబ్లిక్ స్కూల్లో ఫ్రీ లంచ్ తిని ఫార్మసిస్ట్ అయిందండీ! పాత ట్యాక్సులతోనే అయింది కదా? మరి ఈ కొత్త ట్యాక్స్ ఎందుకంటాను నేను!”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నప్పుడు నా కళ్ళలోకి చూడని పిల్ల, పాపను చంకనేసుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“మామయ్యా, దెన్ ఆల్సో సమ్‌వన్ పెయిడ్ కదా? అప్పుడు ఎవరో రిచ్ అంకుల్ కట్టారు, నేను తిన్నాను. ఆ అంకుల్ కూడా మీలాగే గొణిగుంటారు.”

“గొణిగినా కట్టాడుగా! పారిపోలేదుగా!” అని ఎవరో స్నేహితుడు వెనకనుంచి అరిచాడు. గదంతా గొల్లున నవ్వింది. ఆయన అతని వంక ఉరిమి చూసి, కోడలి వంక తిరిగి, “నువ్వు కూర్చో. కూర్చుని మాట్లాడు. దీనికి పది పాయింట్లున్నాయి నా దగ్గర” అని కుర్చీ లాగారు. అది కూర్చుంది. పాయసం చల్లారిపోతోందని వియ్యపురాలు ఎంత పిలిచినా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు. నేను పాపను అందుకుని, వాళ్ళ గొంతులు వినబడేంత దూరంలోనే నిలబడ్డాను.

ఇదీ సంగతి. పొద్దుపోతోంది, ఇక మీరూ లేవండి. మీ పొయ్యి మీద ఎప్పుడూ నలుగురికి సరిపడా ఉడుకుతూ ఉండాలి. మీ కోడళ్ళూ కూతుళ్ళూ మీ ఇంట్లో గొంతెత్తి మాట్లాడాలి, పెద్దవాళ్ళు వాళ్ళకు కుర్చీ లాగి వెయ్యాలి. మీ పిల్లల చేతిలో పళ్ళెం ఎన్నడూ ఖాళీ కాకూడదు. మీ ఇల్లు చల్లగా ఉండాలి, నాయనలారా, పదికాలాలపాటు.